నాలుగో రౌండులో ఆగిపోయే కాలు

స్మారకోపన్యాసం అంటే సాహిత్యమో సహకారోద్యమమో ఉండాలి గానీ, కత్తి పట్టుకునే సర్జన్ని పిలిచారేమిటా అని మొదట నాకే అనిపించింది. నిర్వాహకులు "ఆటల గురించి ఏదైనా మాట్లాడండి" అన్నారు. ఆటల గురించి నాకు తెలిసింది తక్కువ. ఆడేవాళ్ళ కాళ్ళ గురించి కొంత తెలుసు. అందుకని మోకాలి వెనక గుంటలో, అరచెయ్యి పట్టేంత చోటులో, ఒక కండరానికీ ఒక ధమనికీ మధ్య నడిచే తగాదా గురించి మాట్లాడతాను. డ్రిల్లు మాస్టారి పేరిట జరిగే సభలో ఇదెందుకంటే, ఈ జబ్బును డాక్టరు కంటే ముందు పట్టుకోగలిగినవాడు గ్రౌండులో విజిల్ పట్టుకుని నిలబడ్డవాడే.

తెల్లవారుజామున ఏలూరు ఏ.ఎస్.ఆర్. స్టేడియం దగ్గరికి వెళ్ళి చూడండి. తాడేపల్లిగూడెంలో కాలేజీ గ్రౌండ్లు చూడండి. కొల్లేరు లంకల్లో గ్రౌండు ఎక్కడిది? చేపల లారీలు రాని వేళ చూసుకుని రోడ్డు మీద, లేకపోతే చెరువు గట్ల మీద పరుగెడతారు పిల్లలు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. ఆర్మీ ర్యాలీలో అంత వ్యవధి కూడా ఉండదు. మన మార్టేరు అమ్మాయి సత్తి గీత 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ దాకా వెళ్ళి 4×400 రిలేలో పరుగెత్తింది. గట్ల మీది పిల్లల్లో అందరికీ ఒలింపిక్స్ కల ఉండకపోవచ్చు. వాళ్ళలో చాలామందికి పరుగంటే ఉద్యోగం.

అలాంటి కుర్రాడొకడు కైకలూరు అవతల లంక గ్రామం నుంచి నా దగ్గరికి వచ్చాడు. పేరు, ఊరు చెప్పను. ఇరవై దాటిన వయసు, బీడీ సిగరెట్టు అలవాటు లేదు, షుగరు లేదు, పిక్కలు మంచి పుష్టిగా ఉన్నాయి. సంక్రాంతికి ఊళ్ళో కబడ్డీ ఆడితే ఏ ఇబ్బందీ లేదు. పరుగు మొదలుపెడితే మొదటి మూడు రౌండ్లూ బాగానే ఉంటాయి. "నాలుగో రౌండు సగంలో పిక్క రాయైపోతందండి. పాదం తిమ్మిరెక్కి చల్లబడిపోద్ది. ఆగితే రెండు నిమిషాల్లో ఏం లేదండి, మళ్ళీ మామూలే" అన్నాడు. పక్కనున్న తండ్రి అందుకున్నాడు: "బాబుగారండి, పరుగు మానేస్తే ఆడికి ఏ నొప్పీ లేదండి. మానెయ్యమని మీరైనా చెప్పండి."

తండ్రి మాటలోనే సగం రోగనిర్ధారణ ఉంది. పని చేస్తే రావడం, ఆపితే పోవడం, రోజూ దాదాపు ఒకే దూరంలో రావడం. ఈ మూడూ కలిసి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది రక్తాన్ని.

కబడ్డీలో రాని నొప్పి పరుగులో ఎందుకొస్తుంది? ఈ ప్రశ్నకు జవాబులో కొంత భాగం మన భీమవరంలో పుట్టినాయన చెప్పాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద వాళ్ళ పని 1929లో వచ్చింది. కండరం తనలో దాచుకున్న ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చు పెట్టుకుని కొన్ని సెకన్లు ఎవరి సాయం లేకుండా గట్టిగా పని చెయ్యగలదు. కబడ్డీలో ఒక కూత 30 సెకన్లు. కూత ముగిసి గీత దాటి వచ్చాక నిలబడే కాస్త వ్యవధిలో ఆ నిల్వ మళ్ళీ చేరుకుంటుంది. 1600 మీటర్ల పరుగులో ఆ వ్యవధి దొరకదు. ప్రతి అడుగుకీ ఆక్సిజన్ కావాలి, అది రక్తంతోనే రావాలి. విశ్రాంతిగా ఉన్నప్పటి కంటే పది ఇరవై రెట్లు రక్తం కావాలంటుంది పిక్క.

మనకు ఉప్పుటేరు తెలుసు. కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. ఎండాకాలంలో అది ఇరుకని ఎవరూ అనరు. బుడమేరూ తమ్మిలేరూ ఒకేసారి పొంగి వచ్చినప్పుడు గానీ దాని ఇరుకు లంకల వాళ్ళకు తెలియదు. ఈ కుర్రాడి కాలిలో ధమనిదీ అదే కథ. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే నాడి దివ్యంగా ఉంటుంది. అందుకే పరీక్షించిన ప్రతివాళ్ళూ బాగానే ఉందన్నారు.

ఇంతకీ ఇరుకు ఎక్కడ? తొడలోంచి దిగే పెద్ద ధమని మోకాలి వెనక గుంటలోకి వచ్చి, పిక్క కండరానికి ఉన్న రెండు తలల మధ్య నుంచి కిందికి పోవాలి. తల్లి కడుపులో కాళ్ళు తయారయ్యేటప్పుడు ఆ కండరం లోపలి తల తన చోటికి జరుగుతూ వస్తుంది. అదే రోజుల్లో ధమని కూడా తన దారి కుదుర్చుకుంటుంది. ఇద్దరి వేళలూ కలవకపోతే ధమని కండరానికి లోపలి పక్కకు చిక్కుకుపోతుంది. అప్పుడది లోపలి తలను చుట్టుకుని వెళ్తుంది. ఒక్కోసారి ధమని దారి సరిగ్గానే ఉన్నా కండరం నుంచి ఒక పాయ దాని మీదుగా అడ్డం పడుతుంది. ఇంకోసారి లోతులో ఉన్న పాప్లిటియస్ అనే చిన్న కండరమో, గట్టి నారపట్టీయో నొక్కుతుంది. ధమనితో పాటు సిర కూడా చిక్కుకున్న కేసులున్నాయి. పుస్తకాల్లో వీటికి నంబర్లున్నాయి, మీకు అవి అక్కర్లేదు. మడమ ఎత్తి కాలివేళ్ళతో నేలను తన్నిన ప్రతిసారీ కండరం బిగుస్తుంది, ధమని నలుగుతుంది. ఒక్క పరుగులో ఇది ఎన్ని వందల సార్లు జరుగుతుందో మీరే లెక్కేసుకోండి.

దీన్ని మొదట చూసినవాడు ఒక విద్యార్థి. 1879లో ఎడింబరో వైద్య కళాశాలలో ఆండర్సన్ స్టువర్ట్ అనే కుర్రాడు, 64 ఏళ్ళ మనిషికి కుళ్ళిపోయి తీసేసిన కాలును కోసి చూస్తుంటే ధమని తప్పు దారిలో కనిపించింది. రాసి పెట్టాడు. తర్వాత సిడ్నీ వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయ వైద్య కళాశాలను నిలబెట్టి పెద్దవాడయ్యాడు. ఆయన రాసిన ముక్క మాత్రం 80 ఏళ్ళు పుస్తకంలోనే ఉండిపోయింది. 1959లో హాలండులోని లైడెన్‌లో హామింగ్ అనే సర్జను పన్నెండేళ్ళ పిల్లవాడి కాలికి ఆపరేషన్ చేసి, ఆ కండరాన్ని విడగొట్టి, ధమనిలో గడ్డను తీశాడు. ఈ జబ్బుకు ఇప్పుడు వాడుతున్న పాప్లిటియల్ ఆర్టరీ ఎంట్రాప్‌మెంట్ సిండ్రోమ్ అనే పేరు 1965లో అమెరికన్ మిలిటరీ డాక్టర్లు లవ్, వీలన్ పెట్టారు. మిలిటరీ వాళ్ళే పట్టుకోవడంలో వింతేమీ లేదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళను గంటల తరబడి నడిపించేదీ పరుగెత్తించేదీ వాళ్ళే కదా.

మన దగ్గర ఇది ఎందుకు తప్పిపోతుందంటే, కాలి జబ్బులకు డెల్టాలో కరువు లేదు. కాలు బరువెక్కిందంటే బోదకాలేమోనని భయం. కాలు లాగుతుందంటే నడుం ఫొటో తీయించి సయాటికా అంటారు. మా కుర్రాడికీ జండూబామ్, కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె, ఆర్‌ఎంపీ సూదులు, నడుం స్కానింగ్ అన్నీ అయ్యాయి. ఇక రక్తనాళం పూడుకుపోవడం అంటే మా డాక్టర్ల మనసులో కనిపించే మనిషి వేరు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో నలభై ఏళ్ళు బస్తాలు మోసి, రోజూ బీడీ కట్ట ఊది, షుగరు చూపించుకోని అరవై ఏళ్ళ పెద్దాయన. ఆయనా నాలుగడుగులు వేసి ఆగుతాడు, ఆగితే తగ్గుతుంది. ఆయన ధమనిలో లోపల కొవ్వు, సున్నం పేరుకుంటాయి. ముప్పై నలభై ఏళ్ళవాడికి పొగాకు వల్ల వచ్చే బర్జర్ వ్యాధి కూడా ఈ ప్రాంతంలో కొత్త కాదు. సిగరెట్టు ముట్టని కుర్రాడు అదే మాట చెబితే ఈ రెండు గళ్ళలోనూ పట్టడు, అందుకని నడుం మీదికి తోసేస్తారు.

పరుగెత్తేవాళ్ళ కాలి నొప్పులన్నీ ఇవే అని కూడా అనుకోకండి. ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట చురుక్కుమంటే ఎముక చిట్లి ఉండవచ్చు. కండరం చుట్టూ ఉండే తొడుగు బిగుతై లోపల ఒత్తిడి పెరిగే జబ్బు ఇంకొకటుంది. అది ఎక్కువగా ముంగాలి వైపు వస్తుంది, పరుగు ఆపినా వెంటనే తగ్గదు, పావుగంటో అరగంటో కూర్చోబెడుతుంది. దానికి సూది గుచ్చి ఒత్తిడి కొలిచే పరీక్ష ఉంది. పరుగు ఆపిన నిమిషానికి పాదరస మట్టంలో 30 మిల్లీమీటర్లు, అయిదు నిమిషాలకు 20 దాటి ఉంటే అదేనంటాం. దానికి తొడుగు చీల్చే ఆపరేషన్ వేరు. ఆ ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి తగ్గక, అప్పుడు ధమనిని చూస్తే అసలు దొంగ అక్కడ దొరికిన రోగులు ప్రపంచమంతా ఉన్నారు. రెండు జబ్బులూ ఒకే కాలిలో ఉన్నవాళ్ళూ ఉన్నారు.

పరీక్ష సంగతికి వస్తాను. కుర్రాణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాను. మోకాలు తిన్నగా ఉంచి, లోపలి చీలమండ వెనక రెండు వేళ్ళు పెట్టాను. నాడి కొట్టుకుంటోంది. రెండో అరచెయ్యి పాదం కింద ఆనించి, "దీన్ని నొక్కు, నొక్కుతూనే ఉండు" అన్నాను. పిక్క బిగుసుకుంది. నా వేళ్ళ కింద నాడి సన్నబడి, సన్నబడి, పోయింది. పాదం వదలమన్నాను. మూడు నాలుగు క్షణాలకు మళ్ళీ వచ్చింది. అది అయ్యాక ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చీలమండ దగ్గర బీపీ చూశాం. చేతి బీపీతో సమానంగా ఉండాల్సింది సగానికి పడిపోయింది. డాప్లర్ స్కాను చేశాం. ఎంఆర్ఐలో కండరం లోపలి తల ఉండాల్సిన చోటు కంటే బయటికి అతుక్కుని, ధమని దాని చుట్టూ తిరిగి వెళ్ళడం కనిపించింది. యాంజియోగ్రాములో ధమని లోపలి బాట మాత్రమే కనిపిస్తుంది, పక్కన నొక్కుతున్న కండరం కనిపించదు. అందుకని ఈ జబ్బుకు ఎంఆర్ఐ తప్పనిసరి అంటాను.

ఇప్పుడు ఆపరేషన్. మనిషిని బోర్లా పడుకోబెడతాం. మోకాలి వెనక ముడత మీద నిలువుగా గీత కోస్తే మానిన మచ్చ బిగుసుకుని కాలు చాపనివ్వదు. అందుకని ఎస్ అక్షరం లాగా వంకరగా కోస్తాం. తొడ వెనక లోపలి వైపు మొదలుపెట్టి, ముడత వెంట అడ్డంగా నడిచి, పిక్క మీద బయటి వైపుకు దిగుతాం. చర్మం కింద కొవ్వు, దాని కింద గట్టి పొర. పొర తెరవగానే ముందు తగిలేది పెద్ద నరం. దాని కింద సిర, అన్నిటికంటే లోతులో ఎముకను ఆనుకుని ధమని. నరానికి పసుపు పచ్చ, సిరకు నీలం, ధమనికి ఎరుపు రబ్బరు తాళ్ళు చుట్టి పక్కకు తీస్తాం. మా కుర్రాడికి ఎర్ర తాడు వెయ్యడానికి ధమని ఉండాల్సిన చోట లేదు. కండరం లోపలి తలకు అవతల, తొడ ఎముకకు అతుక్కుపోయినంత దగ్గరగా దొరికింది. ఆ తలను ఎముక దగ్గర అతుకు నుంచి కోసి విడగొట్టాం. ధమనిని పై నుంచి కింది దాకా వేలితో తడుముతూ చూసి, మిగిలిన నారపట్టీలు కూడా కత్తిరించాం. అప్పుడు అసిస్టెంటు పాదాన్ని పైకీ కిందికీ వంచుతుంటే డాప్లర్ పెట్టి ధమనిలో రక్తప్రవాహం విన్నాం. శబ్దం ఆగలేదు.

కండరం కోసేస్తే కాలు బలహీనపడదా అని ప్రతి రోగీ అడుగుతాడు. పిక్కలో బయటి తల ఉంది, కింద సోలియస్ అనే పెద్ద కండరం ఉంది. అవి మోసుకుపోతాయి. ఆటగాళ్ళు కూడా తేడా అంతగా కనిపెట్టరు. కోసిన తలను మళ్ళీ కుట్టం. ఇబ్బందులు లేవని కాదు. గుంటలో రక్తం చేరవచ్చు, మడమ పక్కన చర్మం కొన్ని నెలలు మొద్దుబారవచ్చు, గాయం చీము పట్టవచ్చు. మర్నాడో రెండో రోజో నడిపిస్తాం. పరుగుకు నెల దాటాలి. పోటీలకు మూడు నెలలు ఆగమంటాను.

ధమని గోడ ఆరోగ్యంగా ఉండగా వస్తే ఇంతే, కండరంతో సరిపోతుంది. ఏళ్ళ తరబడి నలుగుతూ వస్తే గోడ మందమై, మచ్చలు పడి, లోపల రక్తం గడ్డకడుతుంది. కొందరికి నొక్కుడు పడిన చోటికి దిగువన ధమని ఉబ్బుతుంది. అక్కణ్ణుంచి చిన్న గడ్డలు జారి వేళ్ళకు పోతాయి. అప్పుడు చెడిన ముక్క తీసేసి, అదే మనిషి సిరను తెచ్చి కుట్టాలి. సిరలో రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపులుంటాయి కనుక దాన్ని తలకిందులుగా తిప్పి పెడతాం. ఈ పద్ధతిలో తొడ నుంచి మోకాలికి దారి మళ్ళించడం 1948లో పారిస్‌లో కున్లాన్ మొదలుపెట్టాడు. రక్తనాళాన్ని కారకుండా కుట్టడం నేర్పినవాడు అలెక్సిస్ కారెల్, 1912 నోబెల్ బహుమతి ఆయనది. ఆ సన్నపు కుట్టు ఆయన ఏ ప్రొఫెసరు దగ్గరా నేర్చుకోలేదు, లియాన్ నగరంలో ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ దగ్గర నేర్చుకున్నాడు. నరసాపురం పక్క వీధి అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా, మా జూనియర్లను ఒక నెల వీళ్ళ దగ్గర పడేస్తే బాగుండుననుకుంటాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కోత అంటే భయం కనుక, స్టెంటు వేసి పంపించెయ్యమని అడిగేవాళ్ళున్నారు, వేస్తామనేవాళ్ళూ ఉన్నారు. గుండెకు వేసినట్టే కదా అంటారు. ఇక్కడ నొక్కుతున్నది బయట కండరం. దాన్ని అలాగే ఉంచి లోపల లోహపు గొట్టం పెడితే అడుగు వేసిన ప్రతిసారీ అది నలుగుతుంది, మోకాలు వంచిన ప్రతిసారీ వంగుతుంది, చివరికి విరుగుతుంది. కండరాన్ని విడగొట్టకుండా బెలూన్ గానీ స్టెంటు గానీ వెయ్యడం ఇరవై ఏళ్ళ కాలికి అన్యాయం.

ఇంత చెప్పి, దీనికి ఎదురు మాట కూడా చెప్పకపోతే మాస్టారు ఊరుకోరు. అందరినీ కొయ్యకూడదు. 1977లో గిబ్సన్ బృందం 86 శవపరీక్షల్లో ముగ్గురికి ఇలాంటి తేడా చూసింది. 1981లో గ్రీకు డాక్టర్లు ప్రచురించిన లెక్కలో 20,000 మంది సైనికులకు 33 మందికి ఈ జబ్బు తేలింది. అంటే తేడాతో పుట్టినవాళ్ళు చాలామంది, దానివల్ల బాధపడేవాళ్ళు కొద్దిమంది. పైగా ఎముక, కండరం, ధమని అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నా, వ్యాయామంతో కండరం లావెక్కి నొక్కే రకం ఒకటుంది. పాదం గట్టిగా నొక్కమంటే ఏ బాధా లేని ఆరోగ్యవంతుల్లో కూడా ఎందరికో నాడి మాయమవుతుంది. స్కానులో నొక్కుకున్నట్టు కనిపించింది కదా అని కత్తి తియ్యడానికి వీల్లేదు. నొప్పి కథ సరిపోవాలి, పరుగు తర్వాత బీపీ పడాలి, మిగతా జబ్బులు కాదని తేలాలి. కండరం లావెక్కి నొక్కే రకానికి కొన్ని నెలలు వ్యాయామం మార్చి చూస్తాం. బొటాక్స్ సూదులు వేసి చూస్తున్నవాళ్ళూ ఉన్నారు. ధమని దారి తప్పి, బాధ కూడా ఉన్నవాడి విషయంలో మాత్రం ఆగడం మంచిది కాదు, ఆగిన కొద్దీ ఆపరేషన్ పెద్దదవుతుంది.



కుర్రాడి సంగతి అడుగుతారని తెలుసు. కుడి కాలికి చేశాక ఎడమ కాలు కూడా చూశాం. ఈ జబ్బు రెండు కాళ్ళలోనూ ఉండడం మామూలే. అతనికీ ఉంది, బాధ ఇంకా మొదలు కాలేదు. అక్కడా ధమని దారి తప్పి ఉంది కనుక, బాధ వచ్చేదాకా ఆగకుండా అదీ ఆర్నెల్లకు చేయించుకున్నాడు. పరుగు వచ్చింది. ఈ లోపల ఒక ఉద్యోగ నోటిఫికేషన్ వచ్చి పోయింది. నొప్పి మొదలైన నాటి నుంచి నా దగ్గరికి చేరడానికి పట్టిన రెండేళ్ళలో ఇంకొకటి పోయింది. ఇప్పుడు చేపల చెరువుల దగ్గర ఏరేటర్లు చూసుకుంటూ మళ్ళీ ప్రిపేరవుతున్నాడు. ఆ రెండేళ్ళలో ఎంతోమంది అతని నడుం చూశారు, బూట్లు చూశారు. చీలమండ మీద వేలు పెట్టి పాదం నొక్కమన్నవాళ్ళు లేరు.

ఇక్కడ పి.ఇ.టి.లు, అంటే వ్యాయామోపాధ్యాయులు, చాలామంది ఉన్నారు. మిమ్మల్ని రోగనిర్ధారణ చెయ్యమనడం లేదు. రోజూ ఒకే దూరంలో ఆగిపోయి, రెండు నిమిషాల్లో లేచి మళ్ళీ పరుగెత్తే పిల్లవాణ్ణి చూస్తే, వాడికి దమ్ము లేదని తిట్టకుండా నాడి చూడండి. అనుమానమొస్తే చీటీ మీద 'పరుగు తర్వాత కాలి బీపీ చూడండి' అని రాసి విజయవాడకో హైదరాబాద్ నిమ్స్‌కో, రక్తనాళాల సర్జను ఉన్న చోటికి పంపండి. వెనక గదిలో రెండు బల్లలు వేయించాను. నాడి ఎక్కడ దొరుకుతుందో, పాదం ఎలా నొక్కించాలో చూడాలనుకున్నవాళ్ళు టీ తాగి అటు రండి. బూట్లు విప్పడానికి సిద్ధపడ్డ కుర్రాళ్ళు నలుగురు ముందే ఒప్పుకున్నారు.